రెండు సగటుల మధ్య తేడా: బళ్ళారి సీమ కొలతల నుంచి సి.ఆర్. రావు పరీక్షల దాకా

నేడు కర్నూలు జిల్లాలో ఉన్న ఆలూరు 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాష్ట్రంలోని బళ్ళారి జిల్లాకు చెందిన తాలూకా కేంద్రం. 1904లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ కూర్చిన బళ్ళారి గెజిటీరులో ఆ జిల్లాకు ఎనిమిది తాలూకాలు కనిపిస్తాయి: ఆదోని, ఆలూరు, బళ్ళారి, హడగలి, హరపనహళ్ళి, హోస్పేట, కూడ్లిగి, రాయదుర్గం. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి. తక్కిన ప్రాంతం మైసూరుకు వెళ్ళింది. ఆలూరుకు ఈనాటికీ కర్నూలు కంటే బళ్ళారే దగ్గర. సంతకూ వైద్యానికీ చుట్టరికాలకూ హగరి దాటి పోయే దారి పాతదే. మారినది జిల్లా పేరూ రాష్ట్రం పేరూ.

ఆ పాత జిల్లాలో ఆలూరుకు తూర్పు అంచు దక్కితే, హడగలికి పడమటి అంచు దక్కింది. ఆ హడగలిలో 1920 సెప్టెంబరు 10న ఒక తెలుగు పోలీసు ఇన్‌స్పెక్టరు ఇంట పదిమంది సంతానంలో ఎనిమిదవవాడుగా కల్యంపూడి రాధాకృష్ణారావు జన్మించాడు. అష్టమ సంతానం కనుక కృష్ణుని పేరు పెట్టారు. తండ్రి బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలలో చదువుకొన్న ఆ బాలుడే తరువాతి కాలంలో ప్రపంచ గణాంకశాస్త్రానికి సి.ఆర్. రావుగా పరిచయమయ్యాడు. పుట్టిన తాలూకా ఒక శాస్త్రాన్ని పుట్టిస్తుందని ఎవరూ వాదించనక్కరలేదు. బాల్యంలోనే ఆ జిల్లాను విడిచిన రావుకు దానితో చెప్పుకోదగ్గ సంబంధం ఉన్నట్టు చూపే ప్రయత్నం కూడా అతిశయమే అవుతుంది. అయినా ఒక విషయం పరిశీలించదగినది. ఆయన పుట్టడానికి కొన్నేళ్ళ ముందు అదే జిల్లా ప్రజల తలలనూ ముక్కులనూ ఎత్తులనూ కొలిచి, కులానికొక సగటు కట్టి, ఆ సగటుల తేడాలను బట్టి మనుషులను వేరుచేసే ప్రయత్నం జరిగింది. ఆ తేడాలు నిజమైనవా, కొలిచినవారి చేతికి యాదృచ్ఛికంగా చిక్కినవా అని అడగగల గణితం అప్పటికి అక్కడ వాడుకలో లేదు. ఆ ప్రశ్నను పదునుపెట్టినవారిలో రావు ఒకడు. ప్రశ్న ఎంతవరకు సమాధానమిస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పినవారిలో కూడా ఆయన ఒకడు.

థర్‌స్టన్ పట్టికలు

ఎడ్గర్ థర్‌స్టన్ 1885 నుంచి 1908 వరకు మద్రాసు ప్రభుత్వ మ్యూజియంకు సూపరింటెండెంటు. కె. రంగాచారి సహాయంతో ఆయన 1909లో ప్రకటించిన దక్షిణభారత కులాలు, తెగల గ్రంథం ఏడు సంపుటాలది. తెలుగు సామాజిక చరిత్ర పరిశోధకులు నేటికీ దానిని తిరగేస్తూనే ఉన్నారు. ఆచారాలకూ ఇంటిపేర్లకూ సామెతలకూ దానిని వాడుకొనేవారు అందులోని అంకెల పట్టికలను సాధారణంగా దాటవేస్తారు. అయితే థర్‌స్టన్ దృష్టిలో ఆ అంకెలే గ్రంథానికి వెన్నెముక. కొలత పరికరాలు పట్టుకొని ఆయన రాజధాని అంతటా తిరిగాడు. బళ్ళారి జిల్లా ఆ పర్యటనల్లో ముఖ్యమైన మజిలీ. తమిళ ప్రాంతాలతో పోల్చితే కన్నడ ప్రాంతంలోనూ, దానిని ఆనుకొన్న తెలుగు ప్రాంతంలోనూ తలలు వెడల్పుగా ఉన్నాయని ఆయన భావించడమే ఇందుకు ఒక కారణం.

తల వెడల్పును పొడవుతో భాగించి నూరుతో గుణిస్తే వచ్చేది శిరోసూచిక. 75 లోపు ఉంటే దీర్ఘశిరస్సు, 80 దాటితే విస్తృతశిరస్సు, నడుమ ఉంటే మధ్యమం అని అప్పటి మానవమితి వర్గీకరణ. థర్‌స్టన్ పట్టికలో ప్రతి కులానికీ కొలిచినవారి సంఖ్య, సగటు సూచిక, గరిష్ఠం, కనిష్ఠం, సూచిక 80 లేదా అంతకు మించినవారి సంఖ్య కనిపిస్తాయి. కొలిచినవారు ఒక్కో కులానికి కొన్ని పదులమంది మాత్రమే. వారిని ఎన్నుకొన్న పద్ధతి అనేది లేదు. పిలిస్తే వచ్చినవారు, అధికారి మాట తీసివేయలేనివారు, కుతూహలం కొద్దీ నిలబడినవారు.

పట్టికలో లేనిది ప్రామాణిక విచలనం. ఒక గుంపులో మనుషులు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నారో చెప్పే ఈ కొలతకు కార్ల్ పియర్సన్ 1890లలోనే ఆ పేరు పెట్టాడు. 1901 నుంచి లండనులో బయోమెట్రికా పత్రిక వెలువడుతూ ఉంది. పెద్ద నమూనాల సగటులను పోల్చే సూత్రం అప్పటికే అందుబాటులో ఉంది. అయినా ఆ అలవాటు మద్రాసుకు చేరలేదు. రెండు కులాల సగటులను పక్కపక్కన పెట్టి, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని చెప్పి ఊరుకోవడమే పద్ధతిగా నడిచింది.

థర్‌స్టన్ ఇచ్చిన అంకెలు ఆ లోటును పూరించడానికి చాలకపోలేదు. ఎల్.హెచ్.సి. టిప్పెట్ 1925లో చూపినట్లు, సామాన్య వితరణం గల జనసమూహం నుంచి 50 మందిని తీసుకొంటే, వారిలో గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య వ్యాప్తి సగటున ప్రామాణిక విచలనానికి సుమారు 4.5 రెట్లు ఉంటుంది. కనుక ఒక పట్టికలో 50 మంది సూచికలు 70 నుంచి 85 వరకు వ్యాపించి ఉన్నాయనుకొంటే ప్రామాణిక విచలనం దాదాపు 3.3. అంతే విచలనంతో అంతేమంది గల మరొక గుంపుతో పోల్చితే సగటుల తేడాకు ప్రామాణిక దోషం సుమారు 0.67 అవుతుంది. అంటే సగటులు ఒక పాయింటు మాత్రమే వేరుగా ఉంటే ఆ తేడా గురించి మాట్లాడడానికే తగిన ఆధారం లేదు. రెండు పాయింట్లు వేరుగా ఉంటే పట్టించుకోవలసిందే. 80కి పైబడినవారి సంఖ్య నుంచి కూడా, వితరణం సామాన్యమనే ఊహతో, ఇదే విచలనాన్ని మరో దారిలో రాబట్టవచ్చు. రెండు దారుల ఫలితాలు పొసగకపోతే కొలతలోనో ఎంపికలోనో ఏదో తేడా ఉన్నట్టు అనుమానించవచ్చు. ఈ అంకెలు ఉదాహరణ కోసం ఊహించినవే. అయితే థర్‌స్టన్ సంపుటాలను నేడు చదివేవారు ఏ పట్టిక మీదనైనా ఈ లెక్కను అరపూటలో చేసి చూడవచ్చు. చేసినవారికి, పక్కపక్క కులాల మధ్య సగటు తేడా కంటే ఒకే కులంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడా ఎంత పెద్దదో తెలిసివస్తుంది. ఆ సంగతి గరిష్ఠ, కనిష్ఠాల గడుల్లో మొదటినుంచీ అచ్చులోనే ఉంది. చదివినవారి కళ్ళు సగటు గడి దగ్గరే ఆగిపోయాయి.

ఈ విషయం పండితుల వినోదం కాదు. 1901 జనాభా లెక్కల కమిషనరు హెర్బర్ట్ రిస్లీ ముక్కు కొలతల సగటులకూ కులాల సామాజిక అంతస్తుకూ సంబంధం అంటగట్టినవాడు. సగటుల్లో కనిపించే ప్రతి చిన్న అంతరాన్నీ ఒక మెట్టుగా భావిస్తే నిచ్చెన తనంతట తానే తయారవుతుంది. పాలనాయంత్రాంగం ఆ నిచ్చెనను నమ్మింది.

బీరు కార్ఖానా నుంచి వచ్చిన ప్రశ్న

థర్‌స్టన్ మద్రాసు ఉద్యోగం విడిచిన 1908లోనే విలియం సీలీ గాసెట్ స్టూడెంట్ అనే కలం పేరుతో బయోమెట్రికాలో ఒక వ్యాసం ప్రచురించాడు. ఆయన డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కార్ఖానా ఉద్యోగి. బార్లీ రకాలను పోల్చడానికి వందల మడులు వేసే అవకాశం ఎవరికీ ఉండదు. నాలుగో, పదో పరిశీలనలతోనే నిర్ణయానికి రావాలి. అంత చిన్న నమూనాలో ప్రామాణిక విచలనం కూడా అంచనాయే, అందులోనూ పొరపాటు ఉంటుంది, ఆ పొరపాటును కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది గాసెట్ గ్రహించిన విషయం. ఆయన ఉదాహరణల్లో ఒకటి పదిమంది రోగులకు నిద్రమందులు ఇచ్చినప్పుడు పెరిగిన నిద్ర గంటలది. ఈ మార్గాన్ని రెండు స్వతంత్ర సమూహాల సగటులను పోల్చడానికి విస్తరించినవాడు ఆర్.ఎ. ఫిషర్. 1925లో వచ్చిన ఆయన పుస్తకంతో టి-పరీక్ష ప్రయోగశాలలకూ వ్యవసాయ క్షేత్రాలకూ చేరింది. పరికల్పనలనూ, వాటిని తప్పుగా తిరస్కరించే, తప్పుగా నిలుపుకొనే ప్రమాదాలనూ వేరుచేసి చూపిన నేమన్, ఎగన్ పియర్సన్‌ల సిద్ధాంతం 1933లో స్థిరపడింది.

నేడు డిగ్రీ విద్యార్థులు వల్లించే ఈ తర్కం విడమరిస్తే సులువైనదే. రెండు సమూహాల సగటులు నిజానికి సమానమేనని మొదట ఒప్పుకోవాలి. ఇది శూన్య పరికల్పన. అది నిజమైతే, నమూనాలోకి ఎవరు వచ్చారన్న యాదృచ్ఛికత ఒక్కదాని వల్ల ఇంత తేడా, లేదా ఇంతకు మించిన తేడా, కనిపించే సంభావ్యత ఎంత అని లెక్కించాలి. అది బాగా తక్కువైతే ఒప్పుకోలును వెనక్కి తీసుకోవాలి. న్యాయస్థానంలో ముద్దాయిని నిర్దోషిగా భావించి విచారణ మొదలుపెట్టడం వంటిదే ఇది. నేరం రుజువు కాలేదంటే నిర్దోషిత్వం రుజువైనట్టు కాదన్న సంగతి కూడా అక్కడా ఇక్కడా ఒకటే. శూన్య పరికల్పనను తిరస్కరించలేకపోవడాన్ని సమానత్వానికి రుజువుగా రాసే పరిశోధన పత్రాలు మన విశ్వవిద్యాలయాల్లో ఇప్పటికీ తక్కువ కాదు.

యాదృచ్ఛికత అన్న మాట మీదే ఈ లెక్క మొత్తం నిలబడి ఉంది. పిలిస్తే వచ్చిన యాభైమంది ఒక కులానికి ప్రతినిధులు కానప్పుడు, వారి సగటు మీద చేసిన పరీక్ష ఎంత శుద్ధమైనదైనా ఆ యాభైమంది గురించే చెబుతుంది. థర్‌స్టన్ అంకెలకు పైన సూచించిన మరమ్మతు ఈ లోపాన్ని తీర్చలేదు.

మహలనోబిస్ పట్టుకొన్న పొరపాటు

1920లో నాగపూరులో జరిగిన సైన్సు కాంగ్రెసులో కలకత్తా భౌతికశాస్త్ర అధ్యాపకుడు ప్రశాంతచంద్ర మహలనోబిస్‌కు ఇండియన్ మ్యూజియం తరఫున నెల్సన్ అనండేల్ ఒక పని అప్పగించాడు. కలకత్తాలోని ఆంగ్లో-ఇండియన్ల నుంచి తీసుకొన్న కొలతలను విశ్లేషించాలి. 1922లో అచ్చయిన ఆ విశ్లేషణతో మొదలై, మహలనోబిస్ పదిహేనేళ్ళపాటు సమూహాల పోలికలోనే మునిగిపోయాడు. ఆ క్రమంలో లండనులో కార్ల్ పియర్సన్ ప్రయోగశాలలో పనిచేసినప్పుడు, పియర్సన్ ప్రచారంలోకి తెచ్చిన జాతి సాదృశ్య గుణకం అనే కొలతలో ఆయనకు ఒక మౌలికమైన పొరపాటు కనిపించింది.

రెండు పుర్రెల సముదాయాల మధ్య ఒక్కో కొలతలో సగటు తేడాను తీసుకొని, దానిని ప్రామాణిక దోషంతో పోల్చి, అన్నింటినీ కలిపితే వచ్చేది ఆ గుణకం. అది పెద్దదైన కొద్దీ రెండు జాతులూ దూరమైనవని అన్వయం. మహలనోబిస్ అభ్యంతరం అర్థం కావడానికి ఒక ఊహాత్మక ఉదాహరణ చాలు. రెండు గ్రామాల్లో పురుషుల సగటు ఎత్తులు 163, 164 సెంటీమీటర్లనీ, రెంటిలోనూ ప్రామాణిక విచలనం 6 సెంటీమీటర్లనీ అనుకొందాం. ఒక్కో ఊరిలో 50 మందిని కొలిస్తే తేడాకు ప్రామాణిక దోషం 1.2, తేడా దానికి 0.83 వంతు మాత్రమే. ఏ పరీక్షా దీనిని సార్థకమనదు. అవే ఊళ్ళు, అవే మనుషులు, కానీ ఈసారి ఒక్కో చోట 5,000 మందిని కొలిచారు. ప్రామాణిక దోషం 0.12కు తగ్గిపోతుంది, తేడా దానికి ఎనిమిది రెట్లు దాటుతుంది. పరీక్ష గట్టిగా తేడా ఉందంటుంది. ఊళ్ళ మధ్య దూరం పెరిగిందా? లేదు. పెరిగినది కొలిచినవారి ఓపిక. రెండో ఊరి నుంచి ఒకరినీ మొదటి ఊరి నుంచి ఒకరినీ చీటీ వేసి తీసి నిలబెడితే, రెండో ఊరివాడు పొడుగుగా ఉండేది వందలో దాదాపు 55 సార్లు. చీటీ వేయకుండా ఊహించి చెప్పినా 50 సార్లు సరిపోయేదే.

అంటే తేడా ఉందా అనేది ఒక ప్రశ్న, తేడా ఎంత అనేది వేరొక ప్రశ్న. మొదటిదానికి జవాబు నమూనా పరిమాణం మీద ఆధారపడుతుంది, ఆధారపడాలి కూడా. రెండోదానికి జవాబు ఆధారపడకూడదు. పియర్సన్ గుణకం మొదటి ప్రశ్న జవాబును రెండోదానికి చెప్పింది. ఈ విమర్శను మహలనోబిస్ 1930లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. 1936 నాటి వ్యాసంలో తన కొలతకు పూర్తిరూపం ఇచ్చాడు. సగటుల తేడాను ప్రామాణిక దోషంతో కాక సమూహంలోని చెదురుతో, కొలతలకు పరస్పరం ఉన్న సహసంబంధాన్ని కూడా లెక్కించి, తూచే ఆ కొలతకు డి-స్క్వేర్ అని పేరు. పై ఉదాహరణలో 50 మందిని కొలిచినా 5,000 మందిని కొలిచినా దాని విలువ 36లో ఒక వంతు దగ్గరే ఉంటుంది. అమెరికాలో హెరాల్డ్ హోటలింగ్ 1931లో టి-పరీక్షను ఒకేసారి అనేక కొలతలకు విస్తరించాడు. రెండు సమూహాల సంఖ్యల లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగించి డి-స్క్వేరుతో గుణిస్తే హోటలింగ్ పరీక్షాంకం వస్తుంది. పరీక్షకూ దూరానికీ మధ్య ఉన్న సంబంధం, వ్యత్యాసం రెండూ ఈ ఒక్క గుణకారంలో బయటపడతాయి.

1933లో మొదలైన సాంఖ్య పత్రిక తొలి సంపుటంలో మహలనోబిస్ రిస్లీ బెంగాల్ కొలతలను మళ్ళీ పరిశీలించాడు. అచ్చయిన సగటులను వ్యక్తుల కొలతలతో పోల్చి, పొసగని అంకెలను పట్టుకొని, సరిచేయగలిగినవాటిని సరిచేశాడు. ఆగ్రహం ప్రదర్శించకుండా, వలస పాలకుల కుల నిచ్చెన నిలబడిన కూడికలను ఒక్కొక్కటిగా తిరిగి వేసిన ఆ వ్యాసం భారతీయ సామాజిక శాస్త్రాల చరిత్రలో తగినంత గుర్తింపు పొందలేదు.

రావు జోడించినది

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితంలో ఎం.ఎ. ప్రథమ స్థానంలో పూర్తిచేసిన రావు యుద్ధకాలంలో సైన్యపు సర్వే విభాగంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళ్ళాడు. ఉద్యోగం రాలేదు. బసచేసిన దక్షిణాది హోటలులో పరిచయమైన ఒక యువకుడు తాను భారత గణాంక సంస్థలో శిక్షణ పొందుతున్నానని చెప్పాడు. రావు వెళ్ళి చూశాడు. 1941 జనవరిలో చేరాడు. ఒక తరం శాస్త్రచరిత్ర ఈ భోజన హోటలు సంభాషణకు రుణపడి ఉంది. అదే ఏడాది కలకత్తా విశ్వవిద్యాలయంలో మొదలైన గణాంకశాస్త్రం ఎం.ఎ. తొలి బృందంలో చదివి 1943లో స్వర్ణపతకంతో ఉత్తీర్ణుడయ్యాడు.

1941లో లక్నో మానవశాస్త్రజ్ఞుడు డి.ఎన్. మజుందార్ సంయుక్త రాష్ట్రాల్లో ఇరవైకి పైగా కులాల, తెగల వ్యక్తులను కొలిచాడు. ఆ రాశిని విశ్లేషించే భారం మహలనోబిస్‌తో పాటు యువకుడైన రావు మీద పడింది. 1949లో ముగ్గురి పేర్లతో సాంఖ్యలో రెండు వందల పైచిలుకు పుటల్లో వెలువడిన ఆ అధ్యయనం థర్‌స్టన్ పట్టికలకు అన్నివిధాలా ప్రతిపక్షం. విచలనాలు, సహసంబంధాలు, పరీక్షలు, దూరాలు అన్నీ అందులో ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా, కొలతలను నమ్మవచ్చునా అన్న పరిశీలన ముందు వచ్చి, పోలిక తరువాత వచ్చింది.

ఈ పనిలో రావుకు ఎదురైన సమస్య ఒకటి 1946 నాటి ఆయన వ్యాసానికి దారితీసింది. రెండు సమూహాలు ఎత్తులో వేరుగా ఉన్నాయని తేలింది. చేతి పొడవులో కూడా వేరుగా ఉన్నాయి. ఇది రెండో సాక్ష్యమా? పొడుగువారికి చేతులూ పొడుగే కనుక, ఎత్తులోని తేడాయే చేతుల్లో మళ్ళీ కనిపించి ఉండవచ్చు. ఒకే సాక్షి చొక్కా మార్చుకొని రెండుసార్లు బోనెక్కినట్టు. అదనంగా చేర్చిన కొలత కొత్త సమాచారం ఏమైనా ఇస్తున్నదా అని తేల్చే పరీక్షను రావు రూపొందించాడు. పది కొలతల్లో తేడాలు చూపి పది రుజువులని లెక్కించే అలవాటుకు ఇది అడ్డుకట్ట. ఆ అలవాటు మానవమితికే పరిమితం కాదు. జిల్లాల వెనుకబాటుతనాన్ని పదిరకాల సూచికలతో చూపే నేటి నివేదికల్లో కూడా, ఒకదానికొకటి నీడలైన సూచికలు పది సాక్ష్యాలుగా నిలబడడం చూస్తూనే ఉన్నాం.

1946లో కేంబ్రిడ్జి నుంచి పిలుపు వచ్చింది. హెన్రీ వెల్‌కమ్ బృందం సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తెచ్చిన అస్థిపంజరాలను మహలనోబిస్ పద్ధతిలో విశ్లేషించాలని జె.సి. ట్రెవర్ కోరగా, రావు, రామకృష్ణ ముఖర్జీ అక్కడికి వెళ్ళారు. ఫలితాలు 1955లో గ్రంథంగా వచ్చాయి. పగలు ఎముకలతో పనిచేస్తూనే రావు ఫిషర్ పర్యవేక్షణలో పరిశోధన సాగించి 1948లో డాక్టరేటు పొందాడు. సిద్ధాంతవ్యాసం విషయం జీవశాస్త్ర వర్గీకరణలోని గణాంక సమస్యలు. గణాంకశాస్త్రమంతటా నేడు వాడే స్కోరు పరీక్ష కూడా అదే సంవత్సరం ప్రకటితమైంది. టి-పరీక్షకు గురువైన ఫిషర్ దగ్గర, దూరానికి గురువైన మహలనోబిస్ పద్ధతితో ఆయన పనిచేశాడు. రెండు ప్రశ్నల మధ్య గీతను అంత స్పష్టంగా చూడగలగడానికి ఈ రెండు శిష్యరికాలూ తోడ్పడ్డాయని భావించవచ్చు.

1966లో రావు చూపిన ఒక వింత ఆ తరువాత రావు విరోధాభాసగా పేరుపొందింది. రెండు సమూహాల తొడ ఎముకల పొడవులను టి-పరీక్షతో పోల్చితే తేడా సార్థకం. భుజం ఎముకలను పోల్చినా సార్థకమే. రెంటినీ కలిపి ఒకే ఉమ్మడి పరీక్ష చేస్తే సార్థకం కాదు. ఇద్దరు సాక్షులు విడివిడిగా ఒప్పించగలిగి, కలిసి ఒప్పించలేకపోయారన్నమాట. కారణం గణితానికి తెలుసు: ఉమ్మడి పరీక్ష రెండు కొలతల మధ్య ఏ దిశలో తేడా వచ్చినా పట్టుకోవాలని చూస్తుంది. తేడా ఉన్న దిశ ఒక్కటే అయినప్పుడు ఆ విస్తృత జాగ్రత్త వల్ల దాని బలం పలచబడుతుంది. చరిత్రకారునికి అందులో వేరే పాఠం ఉంది. పరీక్ష చెప్పే అవును, కాదు అనేవి సమూహాల లక్షణాలు కావు. అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబులు. ప్రశ్న మారితే, ఎముకలు మారకుండానే, జవాబు మారుతుంది.

మళ్ళీ ఆలూరు

థర్‌స్టన్ గ్రంథంలో బేడర్ లేదా బోయ అనే శీర్షిక కింద ఒకే ప్రకరణం ఉంది. కన్నడం మాట్లాడేవారు బేడర్లు, తెలుగు మాట్లాడేవారు బోయలు. కులం ఒక్కటేనని ఆయనే రాశాడు. పాత బళ్ళారి జిల్లాలో ఈ రెండు పేర్లూ ఒకే కచేరీ దస్తావేజుల్లో పక్కపక్కన ఉండేవి. 1953లో గీత పడింది. 1991లో పార్లమెంటు చేసిన సవరణ చట్టంతో కర్ణాటకలో నాయక శీర్షిక కిందకు బేడ, బేడర్, వాల్మీకి పేర్లు చేరి షెడ్యూల్డు తెగలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో వాల్మీకులు ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల షెడ్యూల్డు ప్రాంతాల్లో మాత్రమే తెగ. కర్నూలు, అనంతపురం జిల్లాల బోయలు వెనుకబడిన తరగతుల ఎ-వర్గం. హగరికి అటు ఇచ్చిన పిల్లకు ఒక ధ్రువపత్రం, ఇటు ఉన్న ఆమె అన్నకు మరొకటి. వీరిని షెడ్యూల్డు తెగల్లో చేర్చాలని కోరుతూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023లో తీర్మానం చేసింది.

ఈ వివాదాన్ని తలల కొలతలతో తేల్చాలని నేడు ఎవరూ అనరు. అయినా దాని నిర్మాణం పాత ప్రశ్నదే: ఇవి రెండు సమూహాలా, ఒకటా? తేడా ఉంటే ఎంత? ఆదాయం, అక్షరాస్యత, భూకమతం వంటి వాటి సగటులతో వాదించేవారు ఇరువైపులా ఉన్నారు. లక్షలమంది గల సర్వేలో ఆలూరు బోయల సగటుకూ బళ్ళారి నాయకుల సగటుకూ సార్థకమైన తేడా కనిపించకుండా ఉండడం కష్టం. కొన్ని డజన్ల ఇళ్ళ సర్వేలో కనిపించడం కష్టం. ఒక పక్షం మొదటిదాన్నీ మరో పక్షం రెండోదాన్నీ తెచ్చి చూపితే రెండూ సక్రమంగా చేసిన పరీక్షలే కావచ్చు. 1930లో మహలనోబిస్ పియర్సన్‌కు చెప్పిన అభ్యంతరం అక్కడ మళ్ళీ అక్షరాలా వర్తిస్తుంది. పైగా సరిహద్దుకు అటు మూడు దశాబ్దాలుగా ఉన్న రిజర్వేషను ఫలితాలు కూడా ఆ సగటుల్లో కలిసి ఉంటాయి కనుక, నేటి తేడా మూలంలోని తేడాయా, గీత కల్పించిన తేడాయా అన్నది ఏ టి-పరీక్షా విడదీయలేదు.

2016లో, తొంభై అయిదేళ్ళ వయసులో, సి.ఆర్. రావు మియోద్రాగ్ లోవ్రిచ్‌తో కలిసి ఒక వ్యాసం రాశాడు. సగటు కచ్చితంగా ఫలానా విలువకు సమానమనే శూన్య పరికల్పన నిజజీవితంలో దాదాపు ఎన్నడూ నిజం కాదనీ, అందువల్ల నమూనా తగినంత పెద్దదైతే అది తిరస్కరణకు గురికాక తప్పదనీ, బృహద్దత్తాంశాల కాలంలో ఈ రూపంలోని పరీక్ష అర్థాన్ని కోల్పోతున్నదనీ అందులోని వాదం. తేడా సున్నాయా అని కాక, పట్టించుకోదగినంత ఉందా అని అడిగే విధంగా పరికల్పననే మార్చాలని వారు సూచించారు. అదే ఏడాది అమెరికన్ గణాంక సంఘం కూడా సార్థకతా సంభావ్యతల దుర్వినియోగం మీద ఒక ప్రకటన వెలువరించింది. 2023లో రావుకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ప్రకటించారు. ఆ ఆగస్టు 22న, 103వ పుట్టినరోజుకు మూడు వారాల ముందు, ఆయన కన్నుమూశాడు.